నురుగు పోయిన నీళ్ళు

"ఆవిడని అడుగు. సంతకం పెడుతుందా, పెట్టదా?"

అత్తగారు ఆ మాట అన్నది కోడలితో కాదు, చిన్నకొడుకుతో. కోడలు రెండడుగుల దూరంలో స్టవ్ ముందే నిలబడి ఉంది. నిన్నటి నుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ ఇలాగే చుట్టు తిరిగి వెళ్తున్నాయి.

చిన్నకొడుకు కాలు కాలిన పిల్లిలా హాల్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి హాల్లోకీ తిరుగుతున్నాడు. వాళ్ళ లాండ్రీ వర్క్స్‌కి మేనేజరు అతనే. కాలవలోకి నురుగు వదుల్తున్నారని వర్క్స్‌కి తాళం పడి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. పదకొండు గంటలకి పొల్యూషన్ బోర్డు ఆఫీసరు వస్తున్నాడు.

"వదినా, విన్నారుగా?"

"విన్నాను."

"మరి?"

"చెప్పాల్సింది నిన్నే చెప్పాను."

డైనింగ్ టేబుల్ మీద రిపోర్టు ఉంది. మూడు కాగితాలు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా వాటి మీద ఎవరో ఉప్పు డబ్బా పెట్టారు. ఆఖరి కాగితం అడుగున ఒక ఖాళీ గీత. గీత కింద 'కెమిస్ట్' అని ఉంది.

వర్క్స్‌లో ఆమెని అందరూ కెమిస్టమ్మ అంటారు. వాళ్ళు ఉతికేది నాలుగు ఆస్పత్రుల దుప్పట్లు, ఆపరేషన్ గదుల గుడ్డలు. ఏ మరకకి ఏ సబ్బు, ఎంత, ఎన్ని నిమిషాలు అని తేల్చేది ఆమె. ఆమె భర్త, పెద్దకొడుకు, అక్కడే ఇంజనీరు. ఆ నురుగుని చంపే మిషన్‌ని ఆరేళ్ళు కూర్చుని తన చేతులతో కట్టాడు. అది పనిచేస్తోందని ఆమె ఒక్క సంతకం పెడితే తాళం ఊడుతుంది.

"నీ వదినకి చెప్పు," అత్తగారు మళ్ళీ అందుకుంది. "మీ నాన్నా నేనూ రెండు తొట్లతో మొదలుపెట్టామని చెప్పు. ఆస్పత్రి వెనక షెడ్డులో, చలికాలం చేతులు పగిలి నెత్తురు కారుతుంటే ఆ నెత్తురు మళ్ళీ దుప్పటికి అంటకుండా ఉతికామని చెప్పు. ఇప్పుడు అరవై నాలుగు మంది ఇళ్ళల్లో పొయ్యి వెలగట్లేదు. ఆవిడకి మాత్రం పురుగుల మీద జాలి పుట్టుకొచ్చింది."

కెమిస్టమ్మ స్టవ్ ఆపేసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"అత్తయ్యా, ఒక్కసారి ఇలా రండి."

ఆవిడ కదల్లేదు.

"నాతో మాట్లాడొద్దులెండి. వచ్చి చూడండి, చాలు."

కిటికీ గట్టు మీద రెండు గాజు సీసాలున్నాయి. వర్క్స్ ల్యాబ్‌కి కూడా తాళం పడింది కాబట్టి మొన్నే వాటిని ఇంటికి తెచ్చుకుంది. ఒక దాంట్లో నీళ్ళు మసగ్గా, అంచున సన్నటి నురుగుతో ఉన్నాయి. రెండో దాంట్లో నీళ్ళు కన్నీళ్ళంత తేటగా ఉన్నాయి.

అత్తగారు వచ్చింది. కళ్ళజోడు పైకి తోసుకుని వంగింది.

"ఏంటివి? దుమ్మా?"

"నీటి పురుగులు. చేపపిల్లలు తినేవి ఇవే. ఒక్కో సీసాలో ఇరవై చొప్పున వేశాను. ఈ మసకవి మిషన్‌లోకి పోకముందు నీళ్ళు. ఆ తేటవి బయటికొచ్చాక. రెండు రోజులైంది. ఎన్ని కదుల్తున్నాయో లెక్కపెట్టండి."

ఆవిడ లెక్కపెట్టింది. వేలు గాజుకి ఆనించి, పెదాలు కదుపుతూ చాలాసేపు లెక్కపెట్టింది. మసక సీసాలో పన్నెండు గంతులేస్తున్నాయి. తేట సీసాలో రెండు. మిగతావన్నీ అడుగున పిండి రాలినట్టు పడి ఉన్నాయి.

"తేట నీళ్ళల్లోనా ఎక్కువ చచ్చింది?"

"అవునత్తయ్యా."

"సీసాలు తారుమారు చేశావేమో."

"ఇంకో రెండు జతలు మా గదిలో ఉన్నాయి. వాటిల్లోనూ ఇంతే."

అత్తగారు నిటారుగా నిలబడింది. కాసేపు కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది కెమిస్టమ్మకి.

"పురుగులు చస్తే మనుషులకేంటట?" అంది చివరికి. గొంతు మాత్రం ఇందాకటిది కాదు. నిన్న మధ్యాహ్నం నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, గ్లాసెడు నీళ్ళు పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

*

తొమ్మిదిన్నరకి కెమిస్టమ్మ వర్క్స్‌కి వెళ్ళింది. గుంటలో నిలవున్న సబ్బునీళ్ళతో మిషన్ పరీక్ష చెయ్యడానికి వెనక గేటు తాళం మాత్రం రెండు రోజుల కిందట తీశారు.

లోపల పెద్ద పెద్ద ఉతికే డ్రమ్ములు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చివర షెడ్డులో మిషన్ నడుస్తోంది. మనిషెత్తు స్టీలు తొట్టి, లోపలి గోడలకి బిగించిన పన్నెండు పలకలు. ఆ పలకలు చెవికి అందనంత వేగంగా వణుకుతాయి. 'డాక్టర్లు కడుపులో బిడ్డని చూస్తారే, ఆ శబ్దానికి పెద్దన్న' అని పనివాళ్ళకి చెప్పేవాడు ఇంజనీరు. ఆ వణుకుకి నీళ్ళల్లో కంటికి కనపడనంత చిన్న బుడగలు పుట్టి, పుట్టిన క్షణంలోనే చితికిపోతాయి. చితికేటప్పుడు పుట్టే వేడికి సబ్బు ముక్కలైపోతుంది. చెవికి అందదనే పేరే గానీ దగ్గర నిలబడితే వెయ్యి కుక్కర్లు ఒకేసారి బుసకొట్టినట్టుంటుంది.

ఇంజనీరు తొట్టి కింద దూరి బోల్టు బిగిస్తున్నాడు. చెవులకి ఏమీ పెట్టుకోలేదు. ఆరేళ్ళుగా అంతే. ఎడం చెవి పోయి ఏడాది దాటింది, ఒప్పుకోడు.

ఆమె కుడివైపుకి వెళ్ళి వంగింది.

"ఏమండీ. ఆపండి దాన్ని ఒక్క నిమిషం."

ఆపాడు. పాకుతూ బయటికొచ్చి గోడకి చేరగిలబడ్డాడు. మొహం మీద గ్రీజు మరక.

"పెన్ను తెచ్చావా?"

"మాట్లాడదామని వచ్చాను."

"నిన్న రాత్రి మాట్లాడిందే కదా."

"రాత్రి మీరు గోడవైపు తిరిగి పడుకున్నారు. అది మాట్లాడటం అంటారా?"

అతను నవ్వలేదు. ఆమె ఎదురుగా బక్కెట్ బోర్లించుకుని కూర్చుంది.

"సబ్బు కణానికి తలా తోకా ఉంటాయి. తల నీళ్ళని పట్టుకుంటుంది, తోక జిడ్డుని పట్టుకుంటుంది. మీ మిషన్ తలని కొరికేస్తోంది. అది నిజం. అందుకే నురుగు రావట్లేదు. నీళ్ళల్లో సబ్బుని పట్టే నీలి రంగు పరీక్షకి కూడా దొరకట్లేదు, ఆ పరీక్ష తలనే చూస్తుంది గాబట్టి. కానీ తోక అలాగే మిగిలిపోతోంది. తలున్నప్పటికంటే తల పోయాకే దానికి విషం ఎక్కువ."

"ఎంతసేపు నడిపితే తోక కూడా విరుగుతుంది?"

"నలభై నిమిషాలు ఉంచి చూశాను. చాలావరకు పోయింది. మనం ఉంచేది ఎనిమిది."

"నలభై నిమిషాలు ఉంచాలంటే ఇలాంటి తొట్లు ఐదు కావాలి."

"కావాలి."

అతను చేతిలో స్పానర్‌ని అటూ ఇటూ తిప్పాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఏదో మిగుల్తోందని. చలికాలంలోనే అనుమానం వచ్చింది. బయటికొచ్చే నీళ్ళ మీద సన్నటి జిడ్డు తేలేది. వేలితో తీసి వాసన చూసేవాణ్ణి."

ఆమె అతని వేళ్ళకేసి చూసింది.

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఇలా వచ్చి నా ముందు కూర్చుంటావని."

 పైపులోంచి నీటిబొట్లు సిమెంటు మీద పడుతున్నాయి.

"తప్పు నీ ఒక్కడిదే అనట్లేదు," అందామె. ఎప్పుడో గానీ అతన్ని నువ్వు అనదు. "ఆ సబ్బు తెచ్చింది నేను. చన్నీళ్ళల్లో పన్నెండు నిమిషాల్లో నెత్తుటి మరక పోతుంటే అందరూ నన్ను నెత్తిన పెట్టుకున్నారు. దాని కడుపులో ఏముందో చదవాల్సింది నేనే. చదవలేదు. పాత సబ్బుకి పోదాం."

"వేడినీళ్ళు కావాలి దానికి. రెట్టింపు టైము. ఆస్పత్రులు దుప్పట్ల కోసం అంతసేపు ఆగుతాయా? ఈ ఇరవై మూడు రోజులూ ఇంకో లాండ్రీకి వేస్తున్నాయి, అక్కడే ఉండిపోతాయి. వాళ్ళు వాడేదీ ఈ సబ్బే."

ఆమె కూర్చున్న బక్కెట్ అంచుని గోటితో గీకింది.

"మూడు నెలలు ఇవ్వు నాకు," అన్నాడతను. ఈసారి గొంతు తగ్గించాడు. "తాళం తీయనీ. పని నడుస్తుంటే ఒక్కో తొట్టీ కడతాను. నిద్రపోకుండా కడతాను. మూడు నెలలు, ఒక్క సంతకం."

చేతులు చాపి చూపించాడు. అరచేతుల నిండా కాయలు. ఈ చేతులు ఆరేళ్ళలో ఇంకో పని చెయ్యలేదు. ఆమె పర్సులోంచి పెన్ను తీసింది. నిజంగానే తీసింది.

"సరే. పెడతాను. కానీ సీసాల సంగతి రిపోర్టులో రాస్తాను. రాసి, కింద సంతకం పెడతాను."

"రాస్తే తాళం తీస్తారా?"

"తియ్యరేమో."

"మరింక సంతకం దేనికి?" స్పానర్ నేలకేసి కొట్టాడు. ఆ చప్పుడు షెడ్డంతా మోగింది. తర్వాత తనే తగ్గాడు. మొహం రుద్దుకున్నాడు. "సరేలే. నీ మీద బలవంతం లేదు. ఒక్కటి చెయ్యి. ఆఫీసరు వచ్చినప్పుడు నువ్వు నోరు విప్పకు. ఏమడిగినా నేను చూసుకుంటాను. అంతమాత్రమైనా చేస్తావా నా కోసం?"

నోరు విప్పకపోవడం అబద్ధం ఆడటం కాదు కదా అనుకుంది. తల ఊపింది.

*

ఆఫీసరు చెప్పిన టైముకే వచ్చాడు. బక్కపల్చటి మనిషి, ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ ప్రతిదీ రెండు సార్లు చూసే రకం. గేటు దగ్గర పనివాళ్ళు గుంపుగా నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు, వాళ్ళే వచ్చారు. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది.

ఇంజనీరు మిషన్ వేశాడు. ఇటు పైపులోంచి నురుగులు కక్కుతూ వెళ్ళిన నీళ్ళు అటు పైపులోంచి నిశ్శబ్దంగా, తేటగా జారాయి. ఆఫీసరు ఒక గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మూత బిగించి గట్టిగా ఊపాడు. ఎత్తి వెలుగుకి పెట్టాడు. నురుగు లేదు. ఇంకోసారి ఊపాడు. లేదు.

పనివాళ్ళల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు.

"బాగుందండీ," అన్నాడు ఆఫీసరు. "రిపోర్టు?"

"అంతా సిద్ధంగా ఉందండి," ఇంజనీరు చప్పున అందుకున్నాడు. "టైపింగ్‌లో ఒక తప్పు దొర్లింది. దిద్దించి, కెమిస్ట్ సంతకంతో సాయంత్రానికి పంపిస్తాం."

"పంపించండి మరి. తాళం ఇప్పుడే తీయించేస్తాను. వీళ్ళెంతకాలం కూర్చుంటారు పాపం."

అంత సులువుగా అయిపోయింది. మరిది కళ్ళు తుడుచుకుంటున్నాడు. కెమిస్టమ్మ గోడవారన నిలబడి కాళ్ళకేసి చూసుకుంటోంది. సాయంత్రం కదా, సాయంత్రానికి ఏదో ఒకటి ఆలోచిద్దాం అనుకుంది.

అప్పుడే గుంపుని తోసుకుంటూ చేపలాయన వచ్చాడు.

కాలవ దిగువన అతనికి ఒక చేపల చెరువుంది. పిల్లల్ని తెచ్చి పెంచి పెద్దచేసి అమ్ముతాడు. నురుగు వస్తోందని మొదట ఫిర్యాదు పెట్టింది అతనే. ఈ ఎండల్లో కాలవలో పారేది వర్క్స్ నీళ్ళే, ఇంకే నీళ్ళూ లేవు. నురుగున్నన్నాళ్ళూ తూము మూసుకున్నాడు, వర్క్స్ మూతపడ్డాక కాలవే ఎండిపోయింది. మళ్ళీ గొడవకి వచ్చాడని మరిది ఎదురెళ్ళాడు.

చేపలాయన మరిదిని పక్కకి తప్పించి, తిన్నగా ఇంజనీరు దగ్గరికెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబూ, నేను మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకండి. మొన్నట్నించీ కాలవ చూస్తున్నాను. ఒక్క బుడగ లేదు. అడుగున రాళ్ళు కనపడుతున్నాయి. పొద్దున్నే పిల్లల్ని తెప్పించేశాను, డ్రమ్ముల్లో గట్టు మీదున్నాయి. తూము కూడా ఎత్తేసి వచ్చా. నాలుగు వేళ్ళు నీళ్ళు లేవగానే వదిలేస్తాను."

ఇంజనీరు ఆ చేతుల్లోంచి తన చేతులు వెనక్కి తీసుకోలేదు.

"తూము దించెయ్యండి."

ఆ గొంతు తనదేనని కెమిస్టమ్మకి ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు.

"ఏంటమ్మా?"

"వెంటనే వెళ్ళి తూము దించెయ్యండి. ఆ నీళ్ళు చెరువులోకి రానివ్వకండి. నురుగు పోయింది గానీ విషం పోలేదు."

  ఆఫీసరు గొట్టాన్ని నెమ్మదిగా కిందికి దించాడు.

"మేడమ్, ఏమంటున్నారు మీరు?"

ఆమె నోరు తెరిచేలోపే ఇంజనీరు మధ్యకి వచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంత మెత్తగా పడిందంటే ఆమె ఒళ్ళు జలదరించింది.

"ఏమనుకోకండి సార్. మా ఆవిడకి ఒంట్లో బాగుండట్లేదు. వర్క్స్ మూతపడ్డప్పట్నించీ తిండీ నిద్రా లేవు. రెండు రోజులుగా ఇలాగే, ఏవేవో పురుగులు చచ్చిపోతున్నాయంటూ..." నవ్వబోయాడు. సగంలో ఆగిపోయింది.

ఆఫీసరు ఆమెని చూశాడు. అతన్ని చూశాడు. తర్వాత కుర్చీవైపు తిరిగాడు.

"అమ్మా, పెద్దవారు, మీరు చెప్పండి. ఈవిడకి బాగుండట్లేదా?"

కెమిస్టమ్మ అత్తగారి మొహం చూసింది. పొద్దున సీసాకి వేలు ఆనించి ఆవిడే లెక్కపెట్టింది. రెండు అని తన నోటితోనే అనుకుంది. ఆవిడ గేటు దగ్గరి అరవై నాలుగు మందికేసి చూసింది, పెద్దకొడుకుని చూసింది. కోడలివైపు మాత్రం కళ్ళు తిప్పలేదు.

"అవును బాబూ. పిల్లకి ఒంట్లో బాగోలేదు."

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆవిడ ఆమెని పిల్ల అనడం ఇదే మొదలు.

*

భుజం మీది చెయ్యి విదిలించుకుని ఆమె గేటుకేసి నడిచింది. పనివాళ్ళు దారి ఇచ్చారు. ఇస్త్రీ సెక్షన్‌లో పనిచేసే ఒకామె కొంగు పట్టుకుని, "ఇరవై మూడు రోజులమ్మా," అంది. తిట్టలేదు, బతిమాలలేదు. అంతే అని వదిలేసింది.

కాలవ గట్టు మీద నడుస్తూ, ఆ తర్వాత పరుగెత్తుతూ వెళ్ళింది. చెప్పు తెగితే రెండోది కూడా అక్కడే వదిలేసింది. పక్కనే కాలవ పారుతోంది. అడుగున రాళ్ళు, ఒక పగిలిన పింగాణీ కప్పు, అన్నీ కనపడుతున్నాయి.

చెరువు దగ్గర గట్టు మీద ఆరు నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి. మూతల మీద తడి గోనెలు కప్పి ఉన్నాయి. చెరువు మధ్యలో మడుగంత నీళ్ళు, చుట్టూ నెర్రెలిచ్చిన బురద. తూము నోట్లోంచి నీళ్ళు ఆ నెర్రెల్లోకి సన్నగా పాకుతున్నాయి.

తూము తలుపు దించడానికి ఒక ఇనప చక్రం ఉంది. ఎండకి కాలిపోతోంది. రెండు చేతులతో పట్టుకుని బలంకొద్దీ తిప్పింది. పావు వంతు కదిలింది.

"చెయ్యి తియ్యండమ్మా."

చేపలాయన వగరుస్తూ గట్టెక్కాడు. ఆమె వెనకే పరుగెత్తుకొచ్చినట్టున్నాడు.

"ఒక్క రోజు ఆగండి," అందామె. "నా మాట నమ్మొద్దు. బక్కెట్లో ఈ నీళ్ళు పట్టి పది పిల్లల్ని వెయ్యండి. వాటికేం కాకపోతే మిగతావి వదలండి. నేను అడ్డురాను."

"తెలియడానికి ఎంతసేపు పడుతుంది?"

"రేపు ఈపాటికి తెలుస్తుంది."

అతను ఒక డ్రమ్ము మూత ఎత్తాడు. "ఇలా రండి. చూడండి."

వెన్నెల పొడిలా వందల పిల్లలు, పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. గాలి కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

"పొద్దుటి నించీ డ్రమ్ముల్లో ఉన్నాయి. పొద్దువాలేసరికి నీళ్ళు మార్చకపోతే ఒక్కటీ మిగలదు. రేపు ఈపాటికంటే, అప్పుడిక్కడ తెలుసుకోడానికి ఏం ఉంటుందమ్మా?"

"బోరు నీళ్ళు..."

"బోరు ఎండి నెల. ఈ నీళ్ళే దిక్కు నాకు." మూత వేశాడు. వచ్చి చక్రానికి అటువైపు పట్టుకున్నాడు. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. "నీళ్ళు బాగున్నాయంటే మీ ఆయన కాదనలేదు. ఆఫీసరు చూసి తాళం తీశాడు. మీ అత్తగారు నా కళ్ళముందే చెప్పింది, పిల్లకి బాగోలేదని. మీ ఇంట్లోవాళ్ళే నమ్మని మాట, నేనెలా నమ్మేది చెప్పండి?"

ఆమె అరచేతులు కాలుతున్నాయి. తియ్యలేదు.

అతను ఒకవైపు లాగాడు, ఆమె ఇంకోవైపు లాగింది. చక్రం అటూ తిరగలేదు, ఇటూ తిరగలేదు. కింద నీళ్ళు మాత్రం చెరువులోకి పారుతూనే ఉన్నాయి.